ధనుర్మాసంలో నాలుగింటికి వేడినీళ్ళు రావాలంటే

మా అత్తయ్య ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారుజామున నాలుగింటికే స్నానం చేస్తారు. మన గుంటూరులో సోలార్ హీటర్‌తో అసలు పని ఆ చలి రోజుల్లోనే. మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్ళే చెయ్యి కాలుస్తాయి. అందుకే హీటర్ ఎక్కడ పెట్టాలో డిసెంబరు ఎండను బట్టి చూసుకోండి.

మేం ఆ పని చెయ్యలేదు. పట్టాభిపురంలో ఇల్లు కట్టాక మే నెలలో బిగించాం, మెట్ల గదికి ఉత్తరం పక్కన. అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కదా, నీడే లేదు. డిసెంబరు వచ్చేసరికి హీటర్ గొట్టాల మీద మధ్యాహ్నం కూడా మెట్ల గది నీడే! ఆ ఏడాది అత్తయ్య గోరువెచ్చటి నీళ్ళతోనే సరిపెట్టుకున్నారు. నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

డిసెంబరు చివర్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి ఒరిగి 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పదడుగుల గోడ నీడ ఉత్తరానికి ఎనిమిది అడుగులు దాటుతుంది, పొద్దున పూట ఇంకాస్త ఎక్కువ. కాబట్టి స్టాండు దక్షిణ ముఖంగా పెట్టి, దాని ముందున్న గోడ ఎంత ఎత్తుంటే అంతకు ఒకటిన్నర రెట్లు దూరం వదలండి. పక్కింటివాళ్ళ గోడైనా సరే.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు గాజు గొట్టాల రకమే తీసుకోండి. రాగి గొట్టాల ప్లేట్లు మంచివే కానీ, ఉప్పు నీళ్ళకి ఆ సన్నటి దారులు పూడుకుపోతాయి. నలుగురున్న ఇంటికి 200 లీటర్లు చాలు. 100 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే గీజర్‌కి నాలుగు యూనిట్లు పైనే కాలుతుంది, కరెంటు ఎంత మిగులుతుందో ఆ లెక్కన చూసుకోండి.

సోలార్ హీటర్‌లో మోటారేమీ ఉండదు. వేడెక్కిన నీళ్ళు వాటంతటవే పైకెక్కుతాయి, చన్నీళ్ళు కిందికి దిగుతాయి. నీళ్ళు నెట్టే మోటారు లేదు కాబట్టి చన్నీళ్ళ ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. గాలి పోయే పైపు ఆ చన్నీళ్ళ ట్యాంకుని కూడా దాటి పైకి ఉండాలి, లేకపోతే నీళ్ళు దాంట్లోంచి పొర్లిపోతాయి. వేడినీళ్ళకి సీపీవీసీ పైపే వేయించండి, మామూలు పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. పైపు పొడుగునా ఫోమ్ తొడుగు వేయించండి. హీటర్ బాత్రూమ్‌కి ఎంత దగ్గరైతే అంత మంచిది, వేడినీళ్ళు వచ్చేలోపు వదిలేసే చన్నీళ్ళు తగ్గుతాయి.

మొదటిసారి నీళ్ళు నింపేది సూర్యోదయానికి ముందో, చీకటి పడి గొట్టాలు చల్లారాకో. ఎండకి కాగిన ఖాళీ గొట్టంలో చన్నీళ్ళు పడితే గాజు పగులుతుంది. డాబా మీదికి నీళ్ళెక్కించే మోటారు చెడి ట్యాంకు ఖాళీ అయినప్పుడూ ఇదే జాగ్రత్త.

ఏడాదికోసారి అడుగు వాల్వు తిప్పి నీళ్ళు వదలండి. మా ఇంట్లో కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పొరలు వస్తాయి. ట్యాంకులోని మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి. వేసవిలో సగం గొట్టాల మీద గోనెపట్టా కప్పుతాం. పిల్లలకి ముందు బకెట్‌లో చన్నీళ్ళు పట్టాకే వేడినీళ్ళ ట్యాప్ తిప్పుతాం.

గొట్టం కొసన లోపల అద్దంలా వెండి రంగు పూత కనిపిస్తుంది. అది పాలలా తెల్లబడిందంటే ఆ గొట్టం రెండు గాజు పొరల మధ్య ఖాళీలోకి గాలి చేరినట్టే, ఇక వేడి నిలవదు. ఆ ఒక్కదాన్నే మార్పిస్తే సరిపోతుంది.