పదిమందీ వాడుకునే జీవశాస్త్ర ప్రయోగశాల: తక్కువ డబ్బుతో ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

అందరికీ తలుపులు తెరిచి ఉంచే జీవశాస్త్ర ప్రయోగశాలను పెట్టాలనుకునేవారు సాధారణంగా పరికరాల జాబితాతో మొదలుపెడతారు. ఆ జాబితా చాలావరకు ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలను చూసి రాసుకున్నదే అయి ఉంటుంది. నిజానికి మొదలుపెట్టవలసింది ప్రయోగాలతో. మొదటి ఆరు నెలల్లో సభ్యులు చేయబోయే మూడు ప్రయోగాలను ఎంచుకుని, ఒక్కొక్కదాన్నీ మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు కాగితం మీద రాసుకుని, ఏ మెట్టు దగ్గర చేయి ఏ పరికరం కోసం చాస్తుందో పక్కన గుర్తు పెట్టుకోండి. ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు చేసే పద్ధతి)తో పెంచి, ముక్కలను పరిమాణం ప్రకారం విడదీయడానికి కరెంటుతో జెల్ మీద నడిపించడం ఒకటి, జెల్లీలా గడ్డకట్టే అగార్ మీద బాక్టీరియాను పెంచడం ఇంకొకటి, చెరువు నీటిని సూక్ష్మదర్శినిలో చూడటం మరొకటి అనుకుందాం. ఈ మూడింటినీ అలా రాసి చూస్తే బొట్టుకంటే తక్కువ ద్రవాన్ని కూడా కొలిచి తీసే మైక్రోపిపెట్ అడుగడుగునా కనిపిస్తుంది, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒక్కసారి కూడా కనిపించదు. మేము ఈ కసరత్తు చేయకుండానే, ఉచితంగా వస్తోంది కదా అని ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే ఒక పాత స్పెక్ట్రోఫోటోమీటర్‌ను మోసుకొచ్చాము. దాని దీపం తయారీ ఎప్పుడో ఆగిపోయిందని తరువాత తెలిసింది. రెండేళ్ల పాటు అది నోటు పుస్తకాలు పెట్టుకునే బల్లగా పనిచేసింది.

పరికరాలకంటే ముందు తేల్చుకోవలసినది జీవభద్రత స్థాయి, అంటే ఎంత ప్రమాదకరమైన జీవులతో పని చేస్తామన్నది. ఇలాంటి చోట మొదటి స్థాయికే కట్టుబడి ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి జబ్బు చేస్తాయని తెలియని జీవులతోనే, అంటే ఈ. కోలై అనే బాక్టీరియాలోని కె-12 రకాలు, రొట్టెల తయారీలో వాడే ఈస్ట్ వంటి వాటితోనే పని చేయడం ఈ స్థాయి లక్షణం. దీనికి కడిగితే శుభ్రపడే బల్ల, చేతులు కడుక్కునే సింకు, మూసుకునే తలుపు, గదిలోకి తిండి రానివ్వని నియమం చాలు. జన్యుమార్పిడికి సంబంధించిన ప్రయోగం ఏది తలపెట్టినా ఆ దేశపు చట్టం ఏ అనుమతి అడుగుతుందో ముందే కనుక్కోవాలి. మట్టి నుంచో, తలుపు పిడి నుంచో తీసిన నమూనాను అగార్ మీద పెంచితే, ఆ పళ్లెం మూతను టేపుతో మూసేసి, తెరవకుండానే చూసి, అలాగే క్రిమిరహితం చేసి పారేయాలి. అందులో పెరిగినదేమిటో మనకు తెలియదు కనుక, ఈ విషయంలో ఉత్సాహవంతులైన కొత్త సభ్యులకు కూడా మినహాయింపు ఇవ్వకూడదు.

ఆటోక్లేవ్ స్థానంలో ప్రెషర్ కుక్కర్

సీసాలను, ద్రావణాలను క్రిమిరహితం చేసే యంత్రమైన ఆటోక్లేవ్ చేసే పని వింటే సాదాగా ఉంటుంది. గాలి కలవని నీటి ఆవిరిని వాతావరణ పీడనం మీద చదరపు అంగుళానికి మరో 15 పౌండ్ల పీడనం దగ్గర నిలబెడితే లోపల 121 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఆ వేడిలో కొంతసేపు ఉంచితే బాక్టీరియా సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే నిద్రావస్థ రూపాలు) సైతం చచ్చిపోతాయి. పీడనం చూపించే ముల్లు ఉన్న పెద్ద ప్రెషర్ కుక్కర్ ఆ పీడనాన్ని అందుకోగలిగితే చిన్న ప్రయోగశాలకు అదే ఆటోక్లేవ్. అయితే వంటకు వాడినట్టు వాడితే కుదరదు. అడుగున నీళ్లు పోసి, సీసాలు నీటిలో మునగకుండా జల్లెడలాంటి పీట వేయాలి. సీసాలను మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, మూతలను అర చుట్టు వదులు చేసి పెట్టాలి. ఆవిరి బలంగా రావడం మొదలయ్యాక కూడా వెంటనే వెయిట్ పెట్టకుండా, ఐదు నుంచి ఏడు నిమిషాల పాటు ఆవిరిని బయటికి పోనివ్వాలి. లోపల గాలి మిగిలితే ముల్లు 15 చూపిస్తున్నా వేడి మాత్రం 121కి చేరదు. కుక్కర్‌తో విఫలమైనవారిలో చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. ఆ తరువాత వెయిట్ పెట్టి, పీడనం పూర్తిగా ఎక్కిన క్షణం నుంచి సమయం లెక్కించాలి. పావు లీటరు లోపు సీసాలకు 15 నుంచి 20 నిమిషాలు, లీటరు సీసాకు అరగంట, వ్యర్థాల సంచికి ముప్పావు గంట నుంచి గంట వరకు పడుతుంది. విజిల్స్ లెక్కపెట్టడం ఇక్కడ కొలత కాదు. పొయ్యి ఆపాక పీడనం తనంతట తాను దిగేదాకా ఆగాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే సీసాల్లోని అగార్ ఒక్కసారిగా పొంగి మూతల సందుల్లోంచి కారి, కుక్కరంతా జిగురై కూర్చుంటుంది.

సీసాల మీద అంటించే ఆటోక్లేవ్ టేపు రంగు మారితే అది వేడి తగిలిందన్న దానికే సాక్ష్యం, క్రిములు చచ్చాయన్న దానికి కాదు. నెలకొకసారి జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే, వేడిని బాగా ఓర్చుకునే బాక్టీరియా సిద్ధబీజాల పట్టీని కుక్కర్ మధ్యలో పెట్టి, తరువాత 55 నుంచి 60 డిగ్రీల దగ్గర పొదిగి చూడండి. ఏమీ పెరగకపోతేనే కుక్కర్‌ను నమ్మవచ్చు. ఒకసారి ప్రయోగశాలలోకి వచ్చిన కుక్కర్ మళ్లీ వంటింటికి వెళ్లకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఒలికిన ద్రవాలకు, వాడిన పిపెట్ టిప్పులకు (పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొనలకు) బ్లీచ్ సరిపోతుంది. ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణంలో సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉంటే, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అరగంట నాననివ్వాలి. కలిపిన ద్రావణం నిలవ ఉంటే బలం తగ్గిపోతుంది కనుక ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. దాన్ని ఆమ్లాలతో, అమ్మోనియాతో కలపకూడదు, బ్లీచ్ ఉన్న దేన్నీ కుక్కర్‌లో పెట్టకూడదు. మూడు సందర్భాల్లోనూ విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది.

డబ్బు పెట్టవలసిన చోటు మైక్రోపిపెట్

నా వరకు, లోభం చూపకూడని వస్తువు ఇదొక్కటే. 20, 200, 1000 మైక్రోలీటర్ల పిపెట్లు మూడు, వాటిని పరీక్షించుకోవడానికి మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు ఉంటే, మిగతా పరికరాల్లో ఎన్ని లోపాలున్నా సర్దుకుపోవచ్చు. పాత పిపెట్లు కొన్నా ఫర్వాలేదు కానీ, పరీక్షించకుండా వాడకూడదు. త్రాసు మీద చిన్న గిన్నెలో కాసిని నీళ్లు పోసి సున్నాకు తెచ్చి, పిపెట్‌ను 100 మైక్రోలీటర్ల దగ్గర పెట్టి పదిసార్లు నీళ్లు వదులుతూ ప్రతిసారీ బరువు రాసుకోండి. 20 డిగ్రీల దగ్గర మిల్లీలీటరు నీరు 0.998 గ్రాములు తూగుతుంది కనుక ఒక్కొక్క విడతకు 0.1 గ్రాముకు వెంట్రుకవాసి తక్కువ రావాలి. పది అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండి అన్నీ 0.094 దగ్గర తిరుగుతుంటే పిపెట్ అమరిక తప్పింది, దాన్ని సరిచేయవచ్చు. ఒకటి 0.091, ఇంకొకటి 0.104 అన్నట్టు చెదిరిపోతుంటే లోపం అరిగిన సీలుదైనా కావాలి, పట్టిన చేతిదైనా కావాలి. లోపం దేనిదో తేల్చడానికి అదే పిపెట్‌ను అలవాటున్న మరొకరి చేతికివ్వండి. నిండా పీల్చిన పిపెట్‌ను నిలువుగా ఇరవై సెకన్లు పట్టుకున్నప్పుడు టిప్పు చివర బొట్టు వేలాడటం కనిపిస్తే ముందు టిప్పు బిగువుగా కూర్చుందో లేదో చూడండి, బాగానే కూర్చున్నా బొట్టు వస్తుంటే సీలు మార్చండి.

గొట్టాలను వేగంగా తిప్పి బరువైనదాన్ని అడుక్కి చేర్చే సెంట్రిఫ్యూజ్‌ను సొంతంగా తయారుచేయడం గురించి ఎవరైనా ముచ్చటపడితే వారించండి. నిమిషానికి వేల చుట్లు తిరిగే రోటరు (గొట్టాలు పెట్టే భాగం) విరిగితే దాని ముక్కలు బల్ల మీద ఆగవు. కొనేటప్పుడు చుట్ల సంఖ్యను చూసి మోసపోకుండా గురుత్వ బలాన్ని లెక్కించాలి. రోటరు వ్యాసార్ధాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని నిమిషానికి చుట్ల సంఖ్య వర్గంతో గుణించి, మళ్లీ 0.00001118తో గుణిస్తే అది వస్తుంది. 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో 6,000 చుట్లు తిరిగే బుల్లి యంత్రం సుమారు 1,600 రెట్ల గురుత్వాన్ని ఇస్తుంది. అది గోడలకంటిన బొట్లను కిందికి దించడానికి చాలు. డీఎన్‌ఏను గొట్టం అడుగున పేరుకునేలా దించడానికి 12,000 రెట్ల దాకా కావాలి, అందుకు 8 సెంటీమీటర్ల రోటరు 13,000 చుట్లు తిరిగే యంత్రం సరిపోతుంది. పాతది కొంటే రోటరును బయటికి తీసి గుంటలు, పగుళ్లు, తుప్పు మచ్చలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. తిరుగుతుండగా మూత తెరుచుకునే యంత్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇక వేడి చేసే పెట్టెలను నిశ్చింతగా చేసుకోవచ్చు. థర్మోకోల్ పెట్టె, తక్కువ వాట్ల హీటింగ్ మ్యాట్, డిజిటల్ థర్మోస్టాట్, పాత కంప్యూటర్ ఫ్యాను కలిస్తే 37 డిగ్రీల ఇంక్యుబేటర్ తయారవుతుంది. లోపల రెండు నీళ్ల సీసాలు పెడితే మూత తీసి వేసినా వేడి తొందరగా పడిపోదు. మా మొదటి పెట్టెలో ఫ్యాను లేదు. తెర మీద 37 వెలుగుతుండగా పై అరలో 41, కింది అరలో 34 ఉన్నట్టు మామూలు థర్మామీటర్లు పెట్టాకగాని తెలియలేదు. థర్మోస్టాట్ మొరాయిస్తే పెట్టె అంటుకోకుండా విడిగా ఒక థర్మల్ ఫ్యూజు తప్పక ఉండాలి.

పీసీఆర్ యంత్రం విషయంలో తొందర అక్కరలేదు. 1983లో కేరీ మల్లిస్ ఈ పద్ధతిని ఆలోచించిన తరువాత కొంతకాలం పాటు గొట్టాలను వేర్వేరు వేడిలో ఉన్న నీటి తొట్ల మధ్య చేత్తోనే మార్చారు. 95, 55, 72 డిగ్రీల తొట్లు మూడు పెట్టుకుని ముప్పై ఆవృత్తాలు చేత్తో నడిపించడం విసుగే అయినా, ఒకసారి అలా చేసిన సభ్యుడికి యంత్రం లోపల ఏం జరుగుతోందో మళ్లీ చెప్పవలసిన పని ఉండదు. తరువాత పాత యంత్రం కొన్నా, ఓపెన్‌పీసీఆర్ లాంటి బహిరంగ డిజైన్‌ను చూసి కట్టుకున్నా సరే, నీళ్లు పోసిన గొట్టంలో వేడిని కొలిచే సన్నటి తీగ, అంటే థర్మోకపుల్ దించి అసలు వేడిని కొలవాలి. వేడెక్కే మూత పాడైపోతే గొట్టంలో పైన మినరల్ ఆయిల్ పొర వేసి పని జరుపుకోవచ్చు.

జెల్ పెట్టెను యాక్రిలిక్ పలకలతో అంటించుకోవచ్చు. ఎలక్ట్రోడ్లకు ప్లాటినం తీగ మేలు, స్టీలు తీగ వాడితే తినేసినప్పుడల్లా మార్చుకోవాలి. ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకు 5 వోల్టుల లెక్కన, 15 సెంటీమీటర్ల దూరానికి 75 వోల్టులు ఇస్తే చాలు. ఉప్పు ద్రావణంలో తడిసిన చేతికి ఆ మాత్రం వోల్టేజీ కూడా ప్రమాదమే కనుక, విద్యుత్ తీగలను మూతకే బిగించి, మూత ఎత్తగానే కరెంటు తెగిపోయేటట్టు కట్టాలి. జెల్‌లో డీఎన్‌ఏ కనిపించడానికి వాడే ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు జన్యుమార్పులు కలిగించగలదు, పైగా దానికి అతినీలలోహిత కాంతి కావాలి. దాని బదులు నీలి కాంతిలో వెలిగే రంగును ఎంచుకుంటే, 470 నానోమీటర్ల దగ్గరి నీలి ఎల్‌ఈడీలు, ఒక నారింజ రంగు యాక్రిలిక్ పలక చాలు.

చల్లదనానికి మామూలు ఫ్రిజ్ పనికొస్తుంది కానీ అందులో ఆల్కహాలు పెట్టకూడదు, లోపలి స్విచ్చు నిప్పురవ్వ చాలు ఆవిరి అంటుకోవడానికి. మంచు పేరుకోని రకం ఫ్రీజర్ మంచును కరిగించుకోవడానికి అప్పుడప్పుడు వేడెక్కుతుంది కనుక ఎంజైములకు మంచిది కాదు. అదే ఉంటే ఎంజైములను మందపాటి థర్మోకోల్ డబ్బాలో పెట్టి లోపల ఉంచాలి. మైనస్ 80 ఫ్రీజర్ లేని లోటును, బయటి డీఎన్‌ఏను తీసుకోగల బాక్టీరియా కణాలను కాల్షియం క్లోరైడ్‌తో అప్పటికప్పుడు సిద్ధం చేసుకుని పూడ్చుకోవచ్చు.

చేతిలో ఉన్న డబ్బులో కనీసం మూడో వంతును పరికరాల కోసం ముట్టుకోకుండా టిప్పులకు, చేతి తొడుగులకు, ఎంజైములకు, వ్యర్థాలకు కేటాయించండి. యంత్రాలన్నీ ఉండి టిప్పులు లేక మూతపడిన వారాలు మాకు చాలానే ఉన్నాయి. పాలీప్రొపిలీన్ టిప్పులను కడిగి కుక్కర్‌లో పెట్టి మామూలు పనులకు మళ్లీ వాడుకోవచ్చు, పీసీఆర్‌కు మాత్రం కొత్తవే వాడాలి. ప్లాస్టిక్ పెట్రీ పళ్లేలు పాలీస్టైరీన్‌వి కనుక కుక్కర్‌లో కరిగి ముద్దవుతాయి. గాజువి కొంటే ఏళ్ల తరబడి మన్నుతాయి. అయితే వాటిని ముందు కుక్కర్‌లో క్రిమిరహితం చేసి, అగార్ ఇంకా వేడిగా ఉండగానే సంచిలోకి గీకేసి, ఆ తరువాతే సింకు దగ్గరికి తీసుకెళ్లాలి. చల్లారిన అగార్ సింకు గొట్టంలో గడ్డకట్టిందంటే ఆ రోజు ప్రయోగం ప్లంబర్‌దే.