షాట్ క్లాక్ తప్పినప్పుడు, టైమవుట్ అడిగినప్పుడు రిఫరీ ఏం చేయాలి?

తిరుపతిలో ఆడినా, చిత్తూరులో ఆడినా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనలే: బంతి ఉన్న జట్టు షాట్ వేయడానికి 24 సెకన్లు (వాటిని లెక్కపెట్టేదే షాట్ క్లాక్), ఒక్కో క్వార్టర్ 10 నిమిషాలు. గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ 24 దగ్గరే. ఆరుబయట కోర్టులో మధ్యాహ్నపు ఎండకు డిస్‌ప్లే అంకెలు కనిపించవు, కేకల్లో బజర్ వినిపించదు.

1. మ్యాచ్‌కు ముందు స్కోరర్, టైమర్ ఉండే టేబుల్ దగ్గర కూర్చోండి

షాట్ క్లాక్ ఆపరేటర్‌తో రెండు బటన్లూ నొక్కించి చూడండి: ఒకటి క్లాక్‌ను మళ్లీ 24కి తెచ్చేది (రీసెట్), ఇంకోటి 14కి. బజర్ అవతలి బాస్కెట్ కింద వరకూ వినిపిస్తోందా? కరెంటు పోతే వాడడానికి స్టాప్‌వాచ్ చేతికివ్వండి. ఎక్కువ తప్పులు జరిగే చోటు ఒకటే. బంతి రింగును తాకి, షాట్ వేసిన జట్టుకే మళ్లీ దొరికితే 14 పెట్టాలి. పాత అలవాటు కొద్దీ వేలు 24 మీదికి పోతుంది. రింగును తాకకపోతే అసలు రీసెట్ లేదు. ప్రత్యర్థి బంతిని ఊరికే చేత్తో తాకినా రీసెట్ లేదు.

2. బజర్ పొరపాటున మోగితే

వెంటనే విజిల్ ఊదకండి. ఆ బజర్‌ను పట్టించుకోకుండా ఆట సాగనివ్వడమే నియమం. బంతి చేతిలో ఉన్న జట్టు ఆ శబ్దం వల్ల నష్టపోయిందని మీకు అనిపిస్తేనే ఆపండి. అప్పుడు క్లాక్ సరిచేయించి, బంతి ఆ జట్టుకే ఇవ్వండి.

3. పొరపాటున రీసెట్ చేస్తే

ఎవరికీ నష్టం లేని క్షణం చూసి ఆపాలి. డిఫెన్స్‌ను దాటి ఒకడు లేఅప్‌కు (బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్‌కు) పోతుంటే అది ఆ క్షణం కాదు. ఆపాక సరైన అంకె ఎంతో ఆపరేటర్‌ను, తోటి రిఫరీని అడగండి. ఒక జట్టుకు బంతి దొరికిన ప్రతిసారీ మొదట్లో గేమ్ క్లాక్ మీద ఒక చూపు వేసి ఉంటే లెక్క మీ దగ్గరే ఉంటుంది. ఇది అలవాటు చేసుకోవడం చాలా అవసరం.

తప్పుడు రీసెట్ తర్వాత గోల్ పడిందా? ముందుగా, మొదటి షాట్ రింగును తాకలేదని నిర్ధారించుకోండి. తర్వాత, రీసెట్ జరగకపోయి ఉంటే బజర్ మోగే లోపే బంతి చేతి నుంచి వెళ్లేదా అని లెక్క చూడండి. వెళ్లేదంటే గోల్ చెల్లుతుంది. లేదంటే షాట్ క్లాక్ వయొలేషన్ (సమయం మించిన తప్పు).

4. ఫౌల్ తర్వాత

బంతి ఉన్న జట్టు కాపాడుకునే బాస్కెట్ వైపు సగం దాని బ్యాక్ కోర్ట్, అది దాడి చేసే సగం ఫ్రంట్ కోర్ట్. ఆ బ్యాక్ కోర్ట్‌లో డిఫెన్స్ ఫౌల్ చేస్తే మళ్లీ 24. ఫ్రంట్ కోర్ట్‌లో అయితే 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నప్పుడు ఉన్నదే కొనసాగుతుంది, 13 లేదా తక్కువ ఉంటే 14కి పెంచాలి. బంతిని డిఫెన్స్ బయటికి తోస్తే మాత్రం మిగిలిన సెకన్లే. ఫౌల్‌తో కలిపేసి ఇక్కడా రీసెట్ చేస్తుంటారు.

5. టైమవుట్

జట్టు అడిగి తీసుకునే విరామం ఇది. ఒక్కో జట్టుకు మొదటి సగంలో 2, రెండో సగంలో 3, ప్రతి ఓవర్‌టైమ్‌లో 1. ఒక్కోటి నిమిషం, 50 సెకన్లకు టైమర్ బజర్ కొట్టాలి. నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో 2కి మించి ఇవ్వకూడదు. అప్పటికి ఆ సగంలో ఒక్కటీ వాడని జట్టుకు స్కోర్‌షీట్‌లో ఉన్న మొదటి టైమవుట్ గడిని స్కోరర్ రెండు అడ్డగీతలతో కొట్టేయాలి.

అడగాల్సింది కోచ్ లేదా మొదటి అసిస్టెంట్ కోచ్, అదీ టేబుల్‌ను. ఆటగాడు మిమ్మల్ని చూసి చేతులతో 'టీ' గుర్తు చూపితే ఇవ్వకండి. బంతి డెడ్ అయి (ఆటలో లేకుండా పోయి), గేమ్ క్లాక్ ఆగి, ఫౌల్ అయితే మీరు టేబుల్‌కు చెప్పడం పూర్తయ్యాకే అవకాశం. గోల్ పడితే తిన్న జట్టుకే.

చివరి 2 నిమిషాల్లో తన బ్యాక్ కోర్ట్ నుంచి బంతి అందుకోవాల్సిన జట్టు టైమవుట్ తీసుకుంటే, త్రో-ఇన్ (గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడం) ఎక్కడి నుంచో ఆ జట్టు కోచ్‌నే అడగండి. గోల్ తిన్న తర్వాత ఫ్రంట్ కోర్ట్ అంటే 14, బ్యాక్ కోర్ట్ అంటే 24. ఆయన చెప్పింది టేబుల్‌కూ, ఎదుటి కోచ్‌కూ వినిపించేలా గట్టిగా చెప్పి, డిస్‌ప్లే మీద ఆ అంకె వచ్చాకే బంతి అందించండి.