సగటు బాగానే ఉంది, మరి అప్పుడప్పుడూ ఎందుకు ఆగుతోంది?

మీ కంట్రోల్ లూప్ (సెన్సర్ చదివి మోటారు లాంటిదాన్ని నడిపే కోడ్) ప్రతి 1 మిల్లీసెకనుకీ ఒకసారి తిరగాలనుకుందాం. సగటున 200 మైక్రోసెకన్లే పడుతోంది, బోలెడు టైం మిగులుతోంది, అయినా ఎప్పుడో ఒకసారి గడువు దాటేస్తుంది. వెంటనే ఇంకా ఫాస్ట్ ప్రాసెసర్ కొనేయకండి. దాంతో సగటు తగ్గుతుంది గానీ ఈ కుదుపులు చాలావరకు అలాగే ఉంటాయి, ఎందుకంటే హార్డ్‌వేర్ ఒక తెలివి, సాఫ్ట్‌వేర్ ఇంకో తెలివి చూపిస్తూ ఒకదానికొకటి చెప్పుకోకపోవడం వల్లే ఇవి ఎక్కువగా వస్తాయి.

ముందు ప్రతి చుట్టుకీ పట్టిన టైం రికార్డు చేసి హిస్టోగ్రాం గీయండి. లైనక్స్ అయితే థ్రెడ్ ఎంత ఆలస్యంగా లేస్తోందో కొలిచే సైక్లిక్‌టెస్ట్ అనే టూల్ ఉంది, అసలు లోడ్ నడుస్తుండగానే గంటల తరబడి వదిలేయండి (ఖాళీ మెషీన్ మీద చేసిన టెస్ట్ దేనికీ పనికిరాదు). ఆలస్యం ఎంత అన్నదానికన్నా ఎప్పుడు వస్తోంది అన్నదే ఎక్కువ ఆచూకీ ఇస్తుంది.

లక్షణం: కాసేపు పనిలేకుండా ఉన్నాక మొదటి చుట్టు నెమ్మది

ప్రాసెసర్ నిద్రపోయింది. పవర్ ఆదా కోసం కోర్ లోతైన సీ-స్టేట్ (నిద్ర స్థాయి)లోకి వెళ్తే లేవడానికి కొన్ని చిప్‌లలో వంద మైక్రోసెకన్లు దాటుతుంది, లేచాక ఫ్రీక్వెన్సీ పెరగడానికి ఇంకాస్త. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, సీపీయూ డీఎంఏ లేటెన్సీ అనే డివైస్ ఫైల్‌లో 0 రాయండి, అంటే లేవడానికి ఆలస్యమే వద్దని చెప్పడం. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: ఆ ఫైల్ తెరిచి ఉన్నంతసేపే మీ కోరిక చెల్లుతుంది. షెల్‌లో ఎకో కొట్టి వదిలేస్తే ఫైల్ అప్పుడే మూసుకుపోతుంది, ఏమీ మారదు. ఇలా మేల్కొలిపి ఉంచితే వేడి పెరుగుతుంది కాబట్టి కూలింగ్ కూడా చూసుకోవాలి, లేకపోతే థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కి వేగం తగ్గించుకోవడం) మొదలై మళ్లీ మొదటికే వస్తుంది.

లక్షణం: సెకనుకోసారి, దాదాపు 50 మిల్లీసెకన్లు ఆగిపోతోంది

ఇంత కచ్చితంగా వస్తే సంతోషించండి, కారణం దొరికినట్టే. రియల్‌టైం థ్రెడ్ (మామూలు పనులకన్నా ముందు నడిచే పని) నిద్రపోకుండా తిరుగుతూ ఉంటే లైనక్స్ డిఫాల్టుగా సెకనులో 950 మిల్లీసెకన్లే ఇచ్చి, మిగిలింది మామూలు పనులకు ఉంచుతుంది. ఆ పరిమితిని తీసేయమని నెట్‌లో సలహాలు కనిపిస్తాయి, కానీ కోడ్‌లో ఎక్కడైనా అంతులేని లూప్ ఉంటే ఆ కోర్ మీద ఇక వేరే పనేదీ కదలదు. థ్రెడ్‌ను టైమర్ మీద నిద్రపోనివ్వండి. తిరుగుతూనే ఉండాలంటే దానికో కోర్ విడిగా కేటాయించి, ఇంటరప్ట్‌లను (హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపులను) వేరే కోర్‌లకు మళ్లించండి.

లక్షణం: మొదటి కొన్ని చుట్లే నెమ్మది

పేజ్ ఫాల్ట్‌లు, అంటే మెమరీని మొదటిసారి తాకినప్పుడే కెర్నల్ దాన్ని సమకూర్చడం. మెమరీని ర్యామ్‌లోనే పట్టి ఉంచే ఎంలాక్‌ఆల్ పిలిచి, వాడబోయే స్టాక్‌నీ బఫర్లనీ ముందే ఒకసారి తాకండి. అంతే.

లక్షణం: పక్క కోర్‌లో వేరే పని నడిస్తేనే నెమ్మది

అసలు చిక్కంతా ఇక్కడే. కోర్‌లు వేరైనా చివరి స్థాయి క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ), మెమరీ బస్ ఉమ్మడివి. పక్కవాడు పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే మీ డేటా క్యాష్ నుంచి బయటికి పోతుంది, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే టైం పెరుగుతుంది. ఒకే కోర్‌ను రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ ఆపి చూడండి. రెండు థ్రెడ్‌లు రాసే వేరియబుల్స్ ఒకే క్యాష్ లైన్‌లో, అంటే మామూలుగా 64 బైట్లలో, పడ్డాయేమో కూడా చూడండి, పడితే ఆ లైన్ కోర్‌ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ టైం తింటుంది. చిప్‌లో క్యాష్ విభజన ఉంటే, ఉదాహరణకు కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో ఉన్న సీఏటీ, మీ థ్రెడ్‌కు కొంత భాగం రాసిచ్చేయొచ్చు. ఆర్మ్ కార్టెక్స్-ఆర్ లాంటి చిప్‌లలో అయితే టీసీఎం అనే మెమరీ ఉంటుంది. దానికి క్యాష్ హిట్, మిస్ గొడవ లేదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌నీ, అది వాడే డేటానీ లింకర్ స్క్రిప్ట్ (కోడ్ మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైల్)తో అందులో పెడితే సరిపోతుంది. కానీ అది చిన్నది, అందుకే ఏ ఫంక్షన్‌కి గడువుందో సాఫ్ట్‌వేర్ టీమ్ చిప్ ఎంచుకునేటప్పుడే చెప్పాలి. బోర్డు తయారయ్యాక చెబితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

లక్షణం: ఎక్కువ ప్రయారిటీ ఉన్న పనే ఆగిపోతోంది

ప్రయారిటీ ఇన్వర్షన్. 1997లో నాసా వ్యోమనౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద పదేపదే రీసెట్ అయింది దీనివల్లే: పై టాస్క్‌కి కావాల్సిన లాక్‌ను తక్కువ ప్రయారిటీ టాస్క్ పట్టుకుని ఉండగా మధ్యస్థాయి పని దాన్ని కదలనివ్వలేదు, పై టాస్క్ గడువు తప్పడంతో సిస్టం రీసెట్ అయ్యేది. లాక్ పట్టుకున్న టాస్క్‌కి తాత్కాలికంగా పై ప్రయారిటీ ఇచ్చే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్‌ను భూమి నుంచే ఆన్ చేసి సరిచేశారు. మీ మ్యూటెక్స్ (లాక్)లోనూ అది ఆన్‌లో ఉందో లేదో చూడండి, డిఫాల్టుగా సాధారణంగా ఉండదు.

లక్షణం: ఏ ట్రేస్‌లోనూ ఏమీ కనిపించదు

ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మెషీనైతే నా అనుమానం ఎస్ఎంఐ, అంటే సిస్టం మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్, మీదే. ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టంకి తెలియకుండానే ప్రాసెసర్‌ను లాగేసుకుంటుంది. 2024లో వచ్చిన లైనక్స్ 6.12 నుంచి రియల్‌టైం పనుల కోసం చేసిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ మెయిన్ కెర్నల్‌లోనే ఉంది, కానీ అది కూడా దీన్ని ఆపలేదు. కెర్నల్‌లోని హెచ్‌డబ్ల్యూల్యాట్ ట్రేసర్ ఆన్ చేస్తే ఈ ఖాళీలు బయటపడతాయి. బయోస్‌లో పవర్ మేనేజ్‌మెంట్, లెగసీ యూఎస్‌బీ సెట్టింగ్‌లు ఆపి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే బోర్డు మార్చాల్సిందే, అందుకే ఆర్డర్ పెట్టకముందే శాంపిల్ బోర్డు మీద ఈ ట్రేసర్‌ను ఒక రాత్రంతా నడిపించండి.