విండోస్ 11లో పాత స్కానర్: నా అనుభవం

హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం దగ్గర మా బావ నడిపే జిరాక్స్ సెంటర్‌కు విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ రాగానే, ఏళ్ల తరబడి పట్టాదారు పాసుపుస్తకాలు, మార్కుల మెమోలు స్కాన్ చేస్తున్న పాత స్కానర్ పనిచేయడం మానేసింది. పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు త్రికోణం, తెరిచి చూస్తే కోడ్ 28, అంటే డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేదని అర్థం.

2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11కు 32 బిట్ కూర్పు లేదు. 64 బిట్ వ్యవస్థ, తన కేంద్ర భాగమైన కెర్నెల్‌లో నడిచే డ్రైవర్ 32 బిట్‌దైతే లోడ్ చేయదు; మా స్కానర్‌కు ఉన్నది అలాంటి పాత డ్రైవరే. అయితే 32 బిట్ ప్రోగ్రాములు మామూలుగానే నడుస్తాయి కనుక, డ్రైవర్‌తో వచ్చిన ఇన్‌స్టాలర్ చక్కగా పూర్తయినట్టే కనిపిస్తుంది. మనిషిని ఎక్కువ తిప్పలు పెట్టేది అదే. పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపించే కంపాటిబిలిటీ మోడ్ కూడా ప్రోగ్రాములకే గాని ఇలాంటి డ్రైవర్లకు అక్కరకు రాదు. తయారీ సంస్థవారు కొత్తది కొనుక్కోమన్నారు. అద్దం మీద గీత కూడా లేని యంత్రాన్ని పాత సామాన్లకు వేయడానికి నాకు మనసొప్పలేదు.

డివైస్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లోని హార్డ్‌వేర్ ఐడీలలో కనిపించే వీఐడీ, పీఐడీ సంకేతాలను (తయారీదారును, నమూనాను తెలిపేవి), విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్‌లోని సేన్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ మద్దతు జాబితాతో పోల్చగా మా నమూనా అందులో దొరికింది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ఒక పదో తరగతి మెమో పెడితే, హాల్‌టికెట్ నంబరుతో సహా స్పష్టంగా వచ్చింది. దాంతో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు ఎక్కించి, లినక్స్, విండోస్ కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే సాంబా సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక ఫోల్డర్‌ను షేర్ చేశాను. స్కాన్ అక్కడ అవుతుంది, ఫైలు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. కొన్ని స్కానర్లకు సేన్‌లోనూ ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైలు విడిగా ఇవ్వాల్సి ఉంటుంది కనుక, జాబితాలో ఆ గమనిక ఉందేమో ముందే చూసుకోవాలి.