మండలం తినే తిండిని మార్చడం ఎలా: ముందు వంటగది, తరువాతే విత్తనం

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు జిల్లాల్లో ఎక్కడైనా ఒక మండలాన్ని తీసుకుని, అక్కడి జనం తినే తిండి ఆరోగ్యానికి మేలు చేసేదిగా, సామాన్య కుటుంబం కొనగలిగే ధరలో, నీటినీ వాతావరణాన్నీ తక్కువగా దెబ్బతీసే పద్ధతిలో పండేట్టు చేయాలంటే ఏ పని ముందు, ఏ పని వెనుక చేయాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఈ పనికి మంచి మనసుతో బయలుదేరినవారు చాలామంది ఒకే చోట దెబ్బతినడం చూస్తూ వచ్చాను. చిరుధాన్యాల గొప్పదనం మీద సభ పెడతారు, రైతులకు విత్తనాల సంచులు పంచుతారు, పంట చేతికి వచ్చేసరికి కొనేవారు కనిపించరు, మరుసటి వానాకాలం ఆ చెలకలోకి, అంటే వాన మీద ఆధారపడ్డ మెట్ట చేనులోకి, మళ్లీ పత్తే వస్తుంది. ఇందులో రైతుల తప్పేమీ లేదు. ముందు వంటగది, తరువాత ఒప్పందం, ఆ తరువాతే విత్తనం అన్న వరుస తప్పితే ఎంత డబ్బు పోసినా ఫలితం ఇంతే.

మొదటి మెట్టు: మండలాన్నే హద్దుగా పెట్టుకోండి

ఒక్క ఊరితో మొదలుపెడితే ధాన్యం శుభ్రం చేసే యంత్రానికి సరిపడా పని దొరకదు. జిల్లా మొత్తం ఎత్తుకుంటే ఎవరి గింజ ఎవరి గిన్నెలోకి పోయిందో చెప్పగలిగినవారు ఉండరు, లెక్క అడిగినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మండలంలో మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్య ఉంటుంది, ఒక గురుకులమో కస్తూర్బా విద్యాలయమో ఉంటుంది, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే సంఘాలు ఉంటాయి, ఒకరినొకరు ముఖం చూసి గుర్తుపట్టగలిగేంత దూరంలోనే రైతులు ఉంటారు. ఈ పనికి మండలానికి మించిన కొలత లేదు.

రెండో మెట్టు: పళ్లెం లెక్క తీయండి

కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక కాంటా మాత్రమే. మండలంలోని వసతి గృహాలు, బడులు, అంగన్‌వాడీలు వారంలో ఏ రోజు ఏమి వండుతున్నాయో, అందులో ఏ సరుకు సర్కారు ఇస్తున్నదో, ఏ సరుకు బజారులో కొంటున్నారో రాసుకోండి. ఈ చివరి విషయమే అన్నింటికంటే ముఖ్యమైనది. వసతి గృహాలకూ మధ్యాహ్న భోజనానికీ సన్నబియ్యం సర్కారే ఇస్తున్నది కాబట్టి అన్నం గిన్నెతో జొన్న పోటీ పడలేదు. పొద్దటి ఉప్మాకు వాడే గోధుమ రవ్వను మాత్రం బజారు ధరకు కొంటున్నారు. జొన్నను అన్నం స్థానంలో పెట్టాలని పట్టుబట్టేవారి పని ఖర్చు దగ్గరే ఆగిపోతుంది, రవ్వ స్థానంలో పెట్టేవారి పని ముందుకు సాగుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, మనం తినే తిండిలో శక్తి మొత్తంలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. ఈ లెక్కలో బియ్యంతో పాటు జొన్నలూ తైదలూ (రాగులూ) ధాన్యాలే. కాబట్టి అన్నం కుప్పను తీసేసి అంతే ఎత్తున గట్క (మెత్తగా ఉడికించిన జొన్న రవ్వ) కుప్ప పెట్టడం వల్ల సగం మేలే జరుగుతుంది. దాని పక్కన పప్పు, పుంటికూర (గోంగూర), తోటకూర, మునగాకు పెరిగితేనే పళ్లెం మారినట్టు. అయినా మార్పులో ధాన్యానికి తన పాత్ర తనకు ఉంది. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపే ఉంటే, జొన్నల్లో పది గ్రాముల దాకా ఉంటుంది. వంద గ్రాముల తైదల్లో కాల్షియం 360 మిల్లీగ్రాములు దాటుతుంది, బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు.

మూడో మెట్టు: పంటలను ఎంచుకోండి

మొదటి ఏడు పచ్చజొన్న, కంది, ఆకుకూరలు, ఈ మూడే. కొర్రలు, సామలు, అరికల జోలికి పోకూడదు. వాటికి పొట్టు ఉంటుంది కాబట్టి పొట్టు తీసే యంత్రం కావాలి, దానిని నడపడం తెలిసిన మనిషి కావాలి, కాస్త ఎక్కువగా మర ఆడిస్తే తవుడంతా పోయి బియ్యానికీ వాటికీ పెద్ద తేడా మిగలదు. పైగా కొర్రలకూ సామలకూ కేంద్రం మద్దతు ధర ప్రకటించదు, కాబట్టి బేరం కుదుర్చుకోవడానికి ఆధారమే ఉండదు. జొన్నకు ఊరి పిండి గిర్నీ చాలు, మద్దతు ధరా ఉంది. ఇంట్లో ముసలివాళ్లకు దానిని వండటం కూడా తెలుసు. కందికి వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన రకాలున్నాయి, వాటినే అడగండి.

నాలుగో మెట్టు: విత్తడానికి ముందే కొనుగోలు ఒప్పందం

మిగతా మెట్లలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు, ఇక్కడ జరిగితే దిద్దుకోవడం కుదరదు. అందువల్ల ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

ముందు పరిమాణం చూడాలి. ఐదు వందల మంది పిల్లలున్న ఒక గురుకులంలో వారానికి రెండు పూటలు, పూటకు 80 గ్రాముల చొప్పున జొన్న రవ్వ వండితే పూటకు 40 కిలోలు, వారానికి 80 కిలోలు, నలభై వారాల చదువుల ఏడాదికి 32 క్వింటాళ్లు అవుతుంది. శుభ్రం చేయడంలోనూ పట్టించడంలోనూ పదో వంతు పోతుందనుకుంటే 36 క్వింటాళ్ల జొన్నలు కావాలి. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు అని తక్కువ అంచనాతో లెక్క కడితే ఇది నాలుగున్నర ఎకరాల పంట. అంత పెద్ద గురుకులానికి ఏడాది పొడవునా కావలసింది ఇంతే. మండలంలో అటువంటివి నాలుగు ఉన్నా పద్దెనిమిది ఎకరాలు మించదు. మొదటి ఏడే రెండు వందల ఎకరాల్లో విత్తించి ఫొటోలు తీసుకునేవారు ఈ చిన్న లెక్క వేసుకోవడం లేదు. మిగిలిన నూట ఎనభై ఎకరాల గింజ అడ్తిదారు (మార్కెట్‌లోని కమీషన్ వ్యాపారి) ముందు పోస్తే, అతను చెప్పిందే ధర అవుతుంది.

రెండోది ధర. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. ఒప్పందంలో దీనిని కనీస ధరగా రాయాలి, ఏ కారణం చేతనైనా అంతకు తగ్గకూడదు. కొనే రోజున మార్కెట్ యార్డులో ధర దీనికంటే ఎక్కువ పలికితే, ఆ పెరిగిన తేడాలో సగం రైతుకు చేర్చి ఇవ్వాలి, మిగతా సగం వంటగదికి మిగలాలి. కొందరు మార్కెట్ ధర మొత్తం ఇవ్వాలంటారు, అలా చేస్తే ధర పెరిగిన ఏడు వసతి గృహం కొనలేక ఒప్పందం చినిగిపోతుంది. మరికొందరు ఒకే ధర కట్టేస్తారు, అప్పుడు ధర పెరగగానే రైతు బయట అమ్ముకుంటారు. యార్డుకు పోతే బండి కిరాయి, హమాలీ, తరుగు ఎలాగూ పోతాయి కాబట్టి, తేడాలో సగం చేతికి వస్తే కల్లం దగ్గరే అమ్మడం రైతుకు లాభంగానే ఉంటుంది. పంట మొత్తం రాయించుకోవద్దు. మూడింట రెండు వంతులకే ఒప్పందం చేసి, ఒక వంతు ఇంటి తిండికీ రైతు ఇష్టానికీ వదలండి; పైన కట్టిన ఎకరాల లెక్క ఒప్పందపు గింజకు మాత్రమే. ఇంట్లో గట్క వండుకోని రైతు జొన్నను ఎక్కువ కాలం పండించరు.

ఇదే ధర వంటగది వైపు నుంచి ఎలా కనిపిస్తుందో కూడా చూడాలి. కిలో రవ్వకు పట్టే జొన్నల ఖరీదు దాదాపు 41 రూపాయలు, శుభ్రం చేయడానికి, పట్టించడానికి, సంచికి, బండికి కలిపి తొమ్మిది రూపాయలు దాటనివ్వకపోతే వంటగదికి కిలో 50 రూపాయలకు చేరుతుంది. అంటే పళ్లేనికి నాలుగు రూపాయలు. వసతి గృహాల్లో పిల్లల తిండికి సర్కారు ఇచ్చే డైట్ చార్జీలు 2024లో 40 శాతం పెరిగిన తరువాత ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు నెలకు 1,540 రూపాయలు, అంటే రోజుకు 51 రూపాయలు వస్తున్నది. అందులో నాలుగు రూపాయలు భారం కాదని వార్డెన్ ముందు కాగితం మీద లెక్క కట్టి చూపించాలి. ఆరోగ్యం గురించి గంట ఉపన్యాసం ఇచ్చినా ఒప్పుకోనివారు ఈ లెక్కకు ఒప్పుకుంటారు.

మూడోది డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందన్న విషయం. ఎక్కువ ఒప్పందాలు ఇక్కడే కూలిపోతాయి. వసతి గృహానికి బిల్లులు ఆలస్యంగా వస్తాయి, రైతు మాత్రం కోత కూలీలకు అదే వారం చెల్లించాలి. గింజ తీసుకుని రెండు నెలలు తిప్పితే, వచ్చే ఏడు ఆ ఊళ్లో మిమ్మల్ని నమ్మేవారు ఉండరు. కాబట్టి కొనవలసింది వసతి గృహం కాదు, మండల సమాఖ్య. ఒక గురుకులానికి సరిపడా జొన్నలకు 1.33 లక్షల రూపాయలు కావాలి. మహిళా సంఘాలకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణంలోంచి గానీ సమాఖ్య నిధిలోంచి గానీ ఆ సొమ్ము ముందే పక్కన పెట్టాలి, తూకం అయిన ఏడు రోజుల్లో రైతు ఖాతాలో వేయాలి. సొమ్ము సిద్ధంగా లేకపోతే ఆ ఏడు పని మొదలుపెట్టకండి, విత్తనం పంచకండి, రైతులకు మాట కూడా ఇవ్వకండి.

నాలుగోది తూకం. కల్లం దగ్గరే ఎలక్ట్రానిక్ కాంటాతో తూచాలి. ఖాళీ సంచిని తూచి ఆ బరువు మాత్రమే తీసేయాలి, తరుగు అన్న మాటే పుస్తకంలో ఉండకూడదు. తేమ 12 శాతానికి మించితే ధర కోయడం కాకుండా మరో రెండు రోజులు ఎండబెట్టమని చెప్పి తిరిగి రావాలి. ధర కోయడం మొదలుపెట్టిన రోజున రైతుకు మీరూ అడ్తిదారూ ఒక్కటే అవుతారు.

ఐదోది సంతకాలు. ప్రిన్సిపాల్ ఒక్కరి సంతకం సరిపోదు, ఆయనకు బదిలీ అయితే కొత్తగా వచ్చినవారు తమకు తెలియదంటారు. మెస్ కమిటీ తీర్మానం, సమాఖ్య సంతకం, రైతు సంఘం సంతకం మూడూ ఉండాలి. ఒప్పందం తెలుగులోనే రాయాలి, ఊరి మధ్య పైకి చదివి వినిపించాలి, ప్రతి రైతుకూ ఒక ప్రతి ఇవ్వాలి. వడగళ్లకు పంట పోతే రైతు మీద జరిమానా ఉండదని స్పష్టంగా రాయండి, ఆ నష్టాన్ని తట్టుకోవడానికి లెక్కకంటే ఐదో వంతు ఎక్కువ భూమిని వేరే ఊళ్లో పెట్టుకోండి. యాసంగి (రబీ) జొన్న అక్టోబరులో విత్తాలి కాబట్టి బతుకమ్మ మొదలయ్యేలోపు ఈ పనంతా పూర్తి కావాలి. కాకపోతే ఆ ఏడు వదిలేయండి.

ఐదో మెట్టు: విత్తడం

యాసంగిలోనే విత్తండి, వానాకాలపు జొన్న కంకి వానకు తడిస్తే గింజకు బూజు పడుతుంది. ఎకరం ఇక్కడ, ఎకరం అక్కడ వేస్తే పిట్టలే తినేస్తాయి, కాబట్టి ఒక్కో ఊళ్లో కనీసం ఐదెకరాలు ఒకే చోట ఉండాలి, మంచె వేసి కాపలా కాయాలి. చొప్ప రైతుదే. కందిని వానాకాలంలోనే పత్తి మధ్య సాళ్లుగా వేయించండి.

ఆరో మెట్టు: తరి (నీటి పారుదల ఉన్న) భూముల్లో వరి పద్ధతి

పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద, శ్రీరాంసాగర్ కాలువ కింద ఉన్న రైతును వరి మానమనకండి. 2025-26 మద్దతు ధర 2,369 రూపాయల చొప్పున ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లంటే 59 వేల రూపాయలు. ఎనిమిది క్వింటాళ్ల జొన్నలకు అందులో సగమే వస్తుంది. జొన్నకు చెలకలున్నాయి. తరిలో మార్చవలసింది నీరు పెట్టే తీరు. పొలంలో నీరు నిలిచి ఉన్నంతకాలం మట్టిలోకి గాలి చొరబడక మీథేన్ పుడుతుంది, అది భూమిని వేడెక్కించే వాయువు. తడి, ఆరుదల పద్ధతి పాటిస్తే ఆ వాయువు దాదాపు సగానికి తగ్గుతుంది, నీటిలో పావు వంతు దాకా మిగులుతుంది, దిగుబడి పడిపోదు.

ఆ పద్ధతి ఇది: ఒక అడుగు పొడవున్న పీవీసీ గొట్టానికి కింది సగమంతా రంధ్రాలు వేసి, పొలంలో నిలువునా దిగేసి లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తరువాత నుంచి, గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ నీరు పెట్టాలి. పూత దశకు వారం ముందు నుంచి వారం తరువాత దాకా మాత్రం పొలాన్ని ఆరనివ్వకూడదు. మొదటి ఏడు బోరు బావుల కింద చేయించండి, చెరువు నీటి వంతులు రైతు చేతిలో ఉండవు. 2018 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలూ ఉచిత కరెంటు వస్తున్నది కాబట్టి మోటారు ఆపితే బిల్లు తగ్గుతుందన్న మాట ఇక్కడ పనిచేయదు. వేసవిలో బోరు ఎండిపోకుండా ఉంటుందని చెప్పండి, అది అందరికీ అర్థమవుతుంది.

ఏడో మెట్టు: నిల్వ, వంట

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్న జొన్నలను గాలి చొరబడని సంచుల్లో గింజగానే దాచి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే రవ్వ పట్టించండి. రవ్వగా దాస్తే పురుగు పడుతుంది.

వంట మనుషులకు రెండు రోజులు దగ్గరుండి నేర్పకుండా రవ్వ సంచి ఇచ్చి రావద్దు. జొన్న రవ్వను రాత్రే నానబెట్టాలి, గోధుమ రవ్వకంటే ఎక్కువ నీరు, ఎక్కువ సేపు కావాలి. గట్టిగా ఉడికిన మొదటి ఉప్మా తిన్న పిల్లలు ఏడాదంతా దానిని తోసేస్తారు. అందుకని మొదటి నెల ఉప్మా కాకుండా మెత్తని గట్క వండి, పక్కన పప్పుచారు పోయించండి. పుంటికూర పప్పు ఉన్న రోజునే గట్క పెట్టాలి. రొట్టెల ఆలోచన వసతి గృహాల్లో వద్దు, ఐదు వందల మందికి రొట్టెలు చేయాలంటే వంట మనుషుల చేతులు పడిపోతాయి.

రెండో ఏడు

ఎకరాలు పెంచే ముందు మూడు పుస్తకాలు చూడండి. వంటగదిలో ఎంత రవ్వ వండారో, అందులో ఎంత పారేశారో, రైతులకు డబ్బు ఎన్ని రోజుల్లో చేరిందో వాటిలో ఉంటుంది. పారేసింది పదో వంతు దాటితే వంట దిద్దండి, ఎకరాలు పెంచకండి. చెల్లింపు ఏడు రోజులు దాటితే సమాఖ్య నిధి పెంచండి, అప్పటిదాకా కొత్త రైతును చేర్చుకోకండి. రెండూ సరిగా ఉంటే అంగన్‌వాడీలనూ మధ్యాహ్న భోజనపు బడులనూ కలుపుకుని, తైదలు చేర్చండి. కొర్రలూ సామలూ మూడో ఏట, పొట్టు తీసే యంత్రం నడపడం నేర్చిన మనిషి మండలంలో ఒకరు తయారైన తరువాత.