పికప్ ట్రక్కుపై సొంత పాప్-అప్ క్యాంపర్: రంపం పట్టక ముందు, రోడ్డెక్కక ముందు జాగ్రత్తలు

అమెరికాలో మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే సెలవుతో క్యాంపింగ్ కాలం మొదలవుతుంది. చలికాలమంతా గరాజ్‌లో ప్లైవుడ్, ఫోమ్ షీట్లు, అల్యూమినియం కమ్మీలు పెట్టుకుని సొంతంగా పాప్-అప్ క్యాంపర్ కట్టుకున్నవాళ్ళు దాన్ని తొలిసారి కొండల్లోకి తీసుకెళ్ళేది ఈ రోజుల్లోనే. పాప్-అప్ క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న గదిలాంటి పెట్టె, ఆగినచోట పైకప్పు లేపితే చుట్టూ గుడ్డ గోడలు తెరుచుకుంటాయి. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా తెలుగు కుటుంబాల్లోనూ ఈ సరదా కనిపిస్తోంది. కంపెనీ క్యాంపర్ కొనాలంటే పదివేల డాలర్లకు పైమాటే. సొంతంగా కట్టుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది, మన వంటకు, మన పిల్లలకు సరిపడేలా అమర్చుకోవచ్చు. అయితే కంపెనీ క్యాంపర్‌ను ఎవరో ఒకరు తూచి, గ్యాసు పైపులు పరీక్షించి పంపుతారు. మీరు కట్టినదాన్ని మీరు తప్ప ఇంకెవరూ పరీక్షించరు. అందులో నిద్రపోయేది మీ పిల్లలు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బరువు లెక్క తేలాకే కలప

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక లేబుల్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. ప్రకటనల్లో చెప్పే అంకెను పక్కన పెట్టండి. మీ ట్రక్కుకు వర్తించేది ఈ లేబుల్ మీది అంకె మాత్రమే. ఒకే మోడల్ ట్రక్కులు రెండింటికి ఈ అంకె వందల పౌండ్ల తేడాతో ఉండవచ్చు.

ఉదాహరణకు లేబుల్ 1,400 పౌండ్లు అంటోందనుకుందాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి 450 అయితే మిగిలేది 950. అమెరికన్ గాలన్ నీరు 8.3 పౌండ్లకు పైగా తూగుతుంది, కాబట్టి 20 గాలన్ల ట్యాంకు నింపితే 167 పోయాయి. వంటకు, వేడికి వాడే ప్రొపేన్ గ్యాసు 20 పౌండ్ల సిలిండర్ నిండుగా ఉంటే, ఖాళీ సిలిండర్ బరువుతో కలిపి 37 దాకా వస్తుంది. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీ మరో 60. ఫ్రిజ్, పరుపులు, బట్టలు, బియ్యం, గిన్నెలు కలిపి 200 అనుకోండి. అన్నీ పోగా క్యాంపర్ పెట్టెకు మిగిలేది 490 పౌండ్లు కూడా కాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే 60 పౌండ్లకు పైగా ఉంటుంది. ఎనిమిది షీట్లు వాడితే లెక్క అక్కడే అయిపోయింది, ఇంకా పైకప్పు లేదు, తలుపు లేదు. పలుచని ప్లైవుడ్, ఫోమ్, అల్యూమినియం ఎందుకు వాడతారో ఈ లెక్క వేసుకుంటే అర్థమవుతుంది.

చాలామంది వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు, అదనపు స్ప్రింగులు బిగించి ట్రక్కు సమంగా నిలబడింది కాబట్టి సరిపోయిందనుకుంటారు. అవి ట్రక్కు వెనుకభాగం కుంగిపోకుండా చూస్తాయి, అంతే. ఇరుసు, చక్రాలు, టైర్లు, బ్రేకులు మోయగలిగే హద్దు వాటివల్ల ఒక్క పౌండు కూడా పెరగదు.

ఎక్కువ బరువు కంటే తప్పు చోట పెట్టిన బరువు మరింత ప్రమాదం. క్యాంపర్ బరువు మధ్యబిందువు వెనక ఇరుసుకు ముందువైపే ఉండాలి. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ, ఫ్రిజ్ వంటివి క్యాబిన్ వైపుకు జరపండి. సరిగా ఉందో లేదో కనిపెట్టడానికి తేలికైన మార్గం ఒకటుంది. పెద్ద ట్రక్ స్టాపుల్లో ఉండే తూకం ముందు, వెనక ఇరుసుల బరువును విడివిడిగా చూపిస్తుంది. ఖాళీ ట్రక్కును ఒకసారి, నీళ్ళు నింపిన క్యాంపర్‌తో మరొకసారి తూయించండి. రెండుసార్లూ పెట్రోలు, మనుషులు ఒకేలా ఉండాలి. క్యాంపర్ ఎక్కించాక ముందు ఇరుసు బరువు తగ్గిందంటే మధ్యబిందువు వెనక్కి పోయింది. ముందు చక్రాలు తేలికైతే దిగుడు రోడ్డు మీద స్టీరింగ్, బ్రేకు రెండూ మీ మాట వినవు. అలాంటి బండిని ఇంటికి తిప్పుకుని మళ్ళీ అమర్చడం తప్ప దారి లేదు. వచ్చిన అంకెలను తలుపు పక్క లేబుల్ మీది ఇరుసుల హద్దులతో, టైరు మీద రాసిన భారంతో కూడా పోల్చుకోండి.

కట్టడానికి తొట్టి రేకు చాలదు

ట్రక్కు తొట్టి పక్కగోడలు పలుచని రేకు, కొన్ని మోడళ్ళలో అల్యూమినియం లేదా ప్లాస్టిక్ మిశ్రమం. క్యాంపర్‌ను వాటికి బిగిస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు అవి చిరుగుతాయి. నాలుగు మూలలా టర్న్‌బకిళ్ళతో (తిప్పి బిగించే ఇనుప కడ్డీలు), ట్రక్కు ఛాసిస్‌కు, అంటే అడుగునున్న ఇనుప చట్రానికి బిగించిన కొక్కేలకు కట్టండి. ఇంకో సంగతి: రోడ్డు మీద తొట్టి, క్యాబిన్ ఒకేలా కదలవు, గుంటలో పడినప్పుడు రెండూ వేర్వేరు వైపులకు మెలి తిరుగుతాయి. క్యాబిన్ మీదికి వచ్చే పడక భాగం క్యాబిన్‌కు తగలకుండా కొన్ని అంగుళాల ఖాళీ ఉంచాలి. కదలికకు మామూలు నట్టులు వదులవుతాయి, నైలాన్ రింగు ఉన్నవి వాడండి. ఛాసిస్‌కు ఏదైనా వెల్డింగ్ చేయించాలంటే బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ట్యాంకుకు దూరంగా, పని తెలిసినవాళ్ళ చేతనే చేయించండి.

పైకప్పు

పాప్-అప్ క్యాంపర్‌లో వేళ్ళు నలిగేది, తలకు దెబ్బ తగిలేది ఇక్కడే. గ్యాస్ స్ట్రట్‌లతో (లోపలి వాయు పీడనంతో కప్పును పైకి నెట్టే గొట్టాలు) లేపినా, ఎలక్ట్రిక్ మోటార్లతో లేపినా, మడత పలకలతో లేపినా, లేచిన తర్వాత కప్పును మోసేది గట్టి లోహపు ఊతకర్ర అయి ఉండాలి. స్ట్రట్‌లో పీడనం ఒక్కరోజులో పోదు, మెల్లగా తగ్గుతూ ఒక రాత్రి కప్పును వదిలేస్తుంది. చలిలో స్ట్రట్‌ల బలం ఇంకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఇంటి ముందు హాయిగా లేచిన కప్పు తెల్లవారుజామున మంచు పడే కొండ మీద లేవకపోవచ్చు. కట్టిన తర్వాత ఏ ఏడాదో సోలార్ పలక, సామాను రాక్ తగిలించి స్ట్రట్‌లు మార్చకుండా వదిలేయడం చాలా ఇళ్ళలో జరిగే పని. కప్పు బరువు మారినప్పుడల్లా స్ట్రట్ లెక్క మళ్ళీ వేయాలి.

తడి మంచు ఒక ఘనపుటడుగు 20 పౌండ్ల దాకా తూగుతుంది. 42 చదరపు అడుగుల కప్పు మీద అర అడుగు మందం పడితే 420 పౌండ్లు. జూన్‌లో కూడా రాకీ పర్వతాల్లో మంచు పడుతుంది. మంచు పడే సూచన ఉంటే కప్పు దించుకుని పడుకోండి, లేదా రాత్రి లేచి దులపండి.

దించేటప్పుడు తలుపో, కిటికీయో తెరిచి ఉంచాలి. లేకపోతే లోపలి గాలి బయటికి పోక గుడ్డ ఉబ్బి కప్పు అంచుల మధ్య ఇరుక్కుంటుంది. అక్కడ వేళ్ళతో గుడ్డను లోపలికి తోసే అలవాటు పోగొట్టుకోండి, కర్ర వాడండి. పిల్లలు ఎక్కడున్నారో కంటితో చూసుకున్నాకే దించాలి. గొళ్ళేలు కనీసం నాలుగు ఉండాలి, వాటికి తోడు ముందువైపు ఒక పట్టీ. హైవే వేగంలో గాలి కప్పు ముందంచు కింద దూరితే గొళ్ళెం ఒకటి ఊడినా కప్పు మొత్తం వెనక వచ్చే కారు మీద పడుతుంది. బయలుదేరాక మొదటి ఐదారు మైళ్ళకే ఆగి ఒక్కో గొళ్ళేన్నీ చేత్తో పట్టి చూడండి.

గ్యాసు, పొగ, నిద్ర

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ప్రొపేన్ గాలి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేలకు దిగి నిలుస్తుంది. ట్రక్కు తొట్టి నాలుగు వైపులా గోడలున్న పళ్ళెం కాబట్టి, లీకైన గ్యాసు అక్కడే పేరుకుంటుంది. సిలిండర్‌ను లోపలి గదితో ఎక్కడా సందు లేకుండా మూసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టె అడుగున బయటికి గాలిరంధ్రం వదలాలి. గ్యాసు డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి. పైపు కీళ్ళన్నీ సబ్బు నీళ్ళతో పరీక్షించాలి, అగ్గిపుల్లతో కాదు. బండి నడుస్తున్నంతసేపూ సిలిండర్ వాల్వు మూసే ఉంచండి. బాల్టిమోర్ సొరంగాల్లోకి 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్లను అనుమతించరు. న్యూయార్క్ చుట్టుపక్కల సొరంగాల్లోనూ ఆంక్షలున్నాయి, తూర్పు తీరం వాళ్ళు దారి ముందే చూసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా ఈ వాయువు వల్ల ప్రమాదవశాత్తూ అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కొండల్లో ఇంకో చిక్కుంది. 8,000 అడుగుల ఎత్తులో తలనొప్పి, వికారం వస్తే ఎత్తు పడలేదని సరిపెట్టుకుని పడుకుంటాం. ఈ విషవాయువు తొలి లక్షణాలూ అవే. క్యాంపర్‌లో ఒకరికంటే ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పి వస్తే ఆలోచించకుండా అందరినీ బయటికి తీసుకురండి, తర్వాత కారణం వెతకండి. డిటెక్టర్‌ను ఇంట్లో వాడేది తెచ్చి పెట్టకుండా, క్యాంపర్ల కుదుపులకు, చలికి తగినదిగా ధ్రువీకరించినది కొనండి. గడువు తేదీ చూడండి.

బొగ్గుల కుంపటి ఆరిపోయిందనిపించినా లోపలికి తేవద్దు. వేడి కోసం స్టవ్ వెలిగించి పడుకోవద్దు. జనరేటర్‌ను కనీసం 20 అడుగుల దూరంలో, పొగ మీ వైపు రాకుండా పెట్టండి. డీజిల్ హీటర్ బిగిస్తే పొగ గొట్టం నేల కింది నుంచి పూర్తిగా బయటి అంచు దాటాలి. తొట్టి కింద వదిలేస్తే ఆ పొగ సందుల్లోంచి మళ్ళీ పైకి వస్తుంది. ఒక గాలిరంధ్రం కింద, ఒకటి పైన ఎంత చలి ఉన్నా తెరిచే ఉంచాలి.

మన వంట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు వంటి ఎత్తుల్లో నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది, అన్నం, పప్పు ఉడకాలంటే కుక్కర్ తప్పదు. ఆ కుక్కర్ బయటి బల్ల మీదే ఉండాలి. కాన్వాస్ గోడలకు అడుగున్నర దూరంలో పోపు వేస్తే మంట అంటుకోవడానికి ఒక్క నూనె చుక్క చాలు. గోడల్లో పెట్టిన ఫోమ్ అంటుకుంటే నిమిషాల్లో నల్లని విషపు పొగ నిండుతుంది, అందుకే ఫోమ్‌ను ఎక్కడా తెరిచి ఉంచకుండా ప్లైవుడ్‌తో కప్పాలి. వేపుళ్ళ ఆలోచన క్యాంపర్ లోపల అసలు వద్దు. గోడ గుడ్డ కొనేటప్పుడు మంటలు తట్టుకునే గుణానికి సీపీఏఐ-84 ప్రమాణం ఉందో లేదో అడగండి. మంటలార్పే సిలిండర్ తలుపు పక్కనే ఉండాలి, వంటగట్టు పక్కన కాదు. పడక దగ్గర మనిషి భుజాలు పట్టేంత రెండో దారి, లోపలి నుంచి చీకట్లోనూ తెరుచుకునేది, తప్పనిసరి. పిల్లల చేత దాన్ని తెరిపించి దూకించి చూడండి.

వైర్ల గురించి రెండు ముక్కలు. బ్యాటరీ పాజిటివ్ తీగ మీద ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చలిలో చార్జి చేస్తే పాడవుతుంది, చలికి చార్జింగ్ ఆపే సదుపాయం ఉన్నది తీసుకోండి.

దారిలో, ఎలుగుబంట్ల దగ్గర

క్యాంపర్ వల్ల వెనక లైట్లు, మూడో బ్రేకు లైటు, నంబరు ప్లేటు కనబడకపోతే వాటిని క్యాంపర్ మీద మళ్ళీ అమర్చాలి. వెడల్పు 80 అంగుళాలు, ఆపైన ఉంటే అంచు లైట్లు పెట్టండి. ఎత్తు కొలిచి అంకెను డ్యాష్‌బోర్డు మీద అతికించుకోండి. నడుస్తున్న బండిలో క్యాంపర్ లోపల ఎవరూ ఉండకూడదు, కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకున్నా సరే. సీటు బెల్టు లేని చోట మనిషిని కూర్చోబెట్టకూడదు. రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, బీమా ఏజెంటుకు ఇది సొంతంగా కట్టినదని రాతపూర్వకంగా తెలపండి.

పాప్-అప్‌కు గుడ్డ గోడలు ఉంటాయన్న సంగతి క్యాంపులో చోటు బుక్ చేసేటప్పుడు చాలామందికి గుర్తు రాదు. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులో గట్టి గోడల బండ్లకే అనుమతి, గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. యోసెమిటీ జాతీయ పార్కులో రాత్రిపూట ఆహారాన్ని గుడ్డ గోడల మధ్య పెట్టుకోకూడదు, అక్కడ ఇచ్చిన ఇనుప పెట్టెల్లో దాచాలి. నెయ్యి డబ్బా, ఆవకాయ జాడీ, పిల్లల టూత్‌పేస్టు కూడా ఎలుగుకు ఆహారం కిందే లెక్క. క్యాంపు నియమాల్లో గుడ్డ గోడల మాట ఉందేమో బుకింగ్‌కు ముందే చదవండి.

మొదటి రాత్రి ఇంటి ముందు వాకిట్లోనే పడుకోండి. డిటెక్టర్లు మోగించి, హీటర్ రాత్రంతా నడిపి, కప్పును చీకట్లో దించి చూడండి. రెండో ప్రయాణం గంట దూరంలోని క్యాంపుకు. మొదటి 50 మైళ్ళ తర్వాత ఆగి నాలుగు టర్న్‌బకిళ్ళను మళ్ళీ బిగించండి. కొత్త కట్టడం తొలి కుదుపులకు సర్దుకుంటుంది కాబట్టి అవి తప్పకుండా వదులై ఉంటాయి.