అనంతపురంలో ఒక సెమిస్టరు: చదువుతో పాటు ఊళ్లో పనిచేయడానికి వచ్చేవారికి

బయటి దేశాల కాలేజీల నుంచి కొందరు పిల్లలు ఒక సెమిస్టరు చదువు, ఊళ్లో పని రెండూ కలిపి చేద్దామని మా అనంతపురం వస్తుంటారు. వాళ్లలో తెలుగు ఇళ్లలో పుట్టి బయట పెరిగినవాళ్లూ ఉంటారు. వాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లు తిప్పే పని చాలా ఏళ్లుగా నాది. ప్రతి జట్టుకూ అవే మాటలు చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే రాసి పెడుతున్నాను.

ముందు కాగితాల గొడవ వదిలించుకుందాం. ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు డబ్బు తీసుకోకుండా చేసే స్వచ్ఛంద పనైనా నెలకు మించి చేయకూడదు. ఇక్కడి యూనివర్సిటీలో చేరి సెమిస్టరంతా చదవాలంటే స్టూడెంట్ వీసా కావాలి. అది 180 రోజులు దాటేదైతే దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ, అంటే విదేశీయుల వివరాలు రాసుకునే సర్కారు ఆఫీసు దగ్గర నమోదు చేసుకోవాలి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా, మనకేం అడ్డు అనుకునేవాళ్లే ఎక్కువ చిక్కుల్లో పడతారు. కార్డుతో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, చదువుకోవచ్చు. పరిశోధన చేయాలంటే మాత్రం 2021 నుంచి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఇంటింటికీ తిరిగి సర్వే చేయడం పరిశోధన కిందికి వస్తుందా రాదా అన్నది మీ కాలేజీ చేత కాన్సులేట్‌ను అడిగించి, జవాబు కాగితం మీద తీసుకుని రండి.

దారి సులువు. బెంగళూరు విమానాశ్రయం ఊరికి బయట దేవనహళ్లి దగ్గర ఉంది. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నగరంలోకి అడుగు పెట్టకుండానే మూడు, మూడున్నర గంటల్లో అనంతపురం చేరతారు.

అసలు విషయం ఇక్కడి నుంచి. మీ చేతిలో ఒక క్యాలెండరు ఉంటుంది: ఫలానా వారం సర్వే, ఫలానా వారం విశ్లేషణ, చివరి వారం ప్రజెంటేషన్. ఊరికి వేరే క్యాలెండరు ఉంది. ఈ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ పడితే. ఎర్ర నేలలో వానను నమ్ముకుని శెనక్కాయ వేస్తారు. నేల విత్తనానికి సరిపడా తడిస్తే పదునైంది అంటారు. ఆ పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ రోజుల్లో ఊళ్లో మీతో మాట్లాడే మనిషి దొరకడు.

ఒక ఏడు జూన్ ఆఖర్లో డాలస్ నుంచి వచ్చిన అమ్మాయితో నార్పల వైపు ఒక ఊరికి పోయాను. పొద్దున పదకొండు గంటలు. చేతిలో ట్యాబు, అందులో నలభై రెండు ప్రశ్నలు. వీధంతా గొళ్లేలు పెట్టిన తలుపులు, ఒక కుక్క, మంచం మీద ఒక ముసలాయన. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. సాయంత్రం మళ్లీ పోతే, ఒకింటి అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు మరుసటి రోజు విత్తనానికి కాయ ఒలుస్తున్నారు. పిల్ల నిలబడే మొదటి ప్రశ్న చదివింది: "మీ కుటుంబ వార్షిక ఆదాయం ఎంత?" ఒకావిడ తలెత్తకుండానే, "కూకో పాపా, చేతులు ఖాళీగానే ఉండాయి కదా" అని చాట ముందుకు తోసింది.

కాయ ఒలవడం చూసినంత తేలిక కాదు. మూతి దగ్గర బొటనవేలితో నొక్కితే టప్పున పగలాలి, లోపలి గింజ మీది ఎర్ర పొట్టు చెదరకూడదు. పొట్టు లేచిన గింజ విత్తనానికి పనికిరాదని పక్కన పెట్టేస్తారు. అరగంటకు పిల్ల బొటనవేలు కందిపోయింది. గంటకు మాటలు మొదలయ్యాయి. విత్తనానికి అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, కొడుకు బెంగళూరులో ఏ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్, బోరు ఎన్ని అడుగుల దగ్గర ఎండింది, అన్నీ వచ్చాయి. ప్రశ్నల్లో ముప్పైకి పైగా అడగకుండానే తేలిపోయాయి. వార్షిక ఆదాయం ప్రశ్న మాత్రం ఖాళీగానే మిగిలింది. వానను బట్టి వచ్చే దానికి ఏడాది లెక్క వాళ్లెక్కడ చెబుతారు?

అందుకే నా మాట: ప్లానులో మొదటి రెండు వారాలు ఏమీ రాయకండి. సర్వే ఏదైనా సాయంత్రం ఏడు దాటాకే పెట్టుకోండి. పగలు అడిగితే మీకు జవాబు వస్తుంది, జవాబు చెప్పిన ఆడమనిషికి ఆ పూట కూలి పోతుంది. కోత అక్టోబరు, నవంబరుల్లో ఉంటుంది. అప్పుడు వచ్చేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

తెలుగు వచ్చు కదా అని ధీమా వద్దు. ఇంట్లో మీ అమ్మానాన్నలు మాట్లాడే తెలుగు వేరు, ఇక్కడ యాడికి, ఏంటికి, ఉండాది వేరు. పెద్దాయన్ని అన్నా అనో తాతా అనో, పెద్దావిడను అక్కా అనో అవ్వా అనో పిలవండి. మేడమ్, సార్ అంటే మిమ్మల్ని ఆఫీసు మనుషులనుకుని రేషన్ కార్డు దరఖాస్తు చేతిలో పెడతారు.

రెండో రోజుకే మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు: "మీరేమోళ్లప్పా?" కులం అడుగుతున్నారన్నమాట. ఉలిక్కిపడి ఉపన్యాసం ఇవ్వకండి, అబద్ధమూ చెప్పకండి. "పని మీద వచ్చినాం అవ్వా, అది చెప్పం" అని నవ్వి ఊరుకుంటే సరిపోతుంది. ప్రపంచ న్యాయం గురించి తరగతిలో చదివి వచ్చినవాళ్లు ఒకటి గమనించండి. ఊరికి పోయాక మొదట ఎవరింట నీళ్లు తాగారో ఊరంతా చూస్తుంది. నేను ఎవరిని తీసుకుపోయినా ముందు ఎస్సీ కాలనీకే పోతాం, అక్కడే నీళ్లు తాగుతాం. తర్వాత రెడ్ల వీధిలో కాఫీ ఇస్తే అదీ తాగుతాం. తిరగేసి చేస్తే కాలనీలో మీకు మర్యాద దక్కుతుంది, మాట దక్కదు. నాయకుడి జీపు ఎక్కకండి, ఎంత ఎండ ఉన్నా సరే.

బయటి మనిషి ఇక్కడ పనిచేయలేడని కాదు. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ మనిషి. మహారాష్ట్రలో రైతులతో పనిచేస్తుంటే 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో తిరిగి వచ్చి మా జిల్లాలో పాతుకుని 2009లో కన్నుమూసే దాకా ఇక్కడే ఉన్నారు. ఆయన మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టించిన ఇళ్లు ఆడమనిషి పేరు మీదే రిజిస్టరు అవుతాయి. ఆ ఒక్క కాగితం ఇంట్లో గొడవల్ని ఎలా మార్చిందో ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి. మీ పేపరుకు సగం సరుకు అక్కడే దొరుకుతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడు భూమితో మొదలుపెట్టారు. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మ్యాపులో వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

బండ్లపల్లి కూడా చూడాలి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలంలోని ఆ ఊళ్లోనే మొదలుపెట్టారు. ఆ పథకంతో మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ వేళ్లూనుకుంది. ఊళ్లోని చదువుకున్న పిల్లలే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతబట్టుకుని ఇంటింటికీ పోయి "ఈ వారం పనికి పోయినావా అక్కా?" అని అడుగుతారు. జాబ్ కార్డుతో సరిపోలుస్తారు, తవ్విన గుంతను టేపుతో కొలుస్తారు. తర్వాత గ్రామసభలో పేరు పేరునా పైకి చదువుతారు. చనిపోయినాయన పేరు మస్టర్లో వినబడినప్పుడు సభలో లేచే గోల వినాలి. అలాంటి సభ దొరికితే వెనక కూర్చుని వినండి. ప్రశ్నలు అడిగే వంతు ఊరివాళ్లది.

ఇక్కడి డిగ్రీ పిల్లలతో జత కట్టండి. మొదటి ఏడాది అయ్యాక వాళ్లకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, దానికి 4 క్రెడిట్లు. ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో ఉన్నవాళ్లైతే రెండేళ్లలో 240 గంటలు చేయాలి. గంటల లెక్క బాధ వాళ్లకూ తెలుసు. నా సంగతే చెబుతాను. నేను చదివిన కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో మేం వారం రోజులు గుంతలు తవ్వి వందకు పైగా మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. నీళ్లు ఎవరు పోస్తారని ఒక్కరమూ అడగలేదు. ఉగాదికి పోయి చూస్తే మొక్కల చుట్టూ పెట్టిన ముళ్ల కంపలు మాత్రం మిగిలాయి, అవీ ఎవరో పొయ్యిలోకి తీసుకుపోతున్నారు.

తిండికి బెంగ లేదు. పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి అనే పచ్చడి. సంగటిని నమలకూడదు, ముద్ద చేసి మింగాలి. నీళ్లు మాత్రం బోరువి తాగకండి, చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువ.

పోయే ముందు ఒక పని ఉంది. మీ రిపోర్టును తెలుగులో రాయించి, ఊళ్లో చావడి దగ్గర సాయంత్రం పైకి చదవండి. డాలస్ అమ్మాయి చదువుతుంటే కాయ ఒలిచిన ఆవిడే మధ్యలో ఆపి, "రెండెకరాలు కాదు పాపా, ఎకరా ముప్పై సెంట్లు. మిగతాది మా మరిది దున్నుకుంటాడు" అంది. అక్కడే పెన్నుతో దిద్దాం. ఆ పేజీ మళ్లీ టైపు చేసి, అప్పుడు పంపాం.